కర్నూలు కాలనీల్లో మెటల్ డిటెక్టర్ హాబీ: ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి

మెటల్ డిటెక్టర్ కొంటే కర్నూల్లో వాడొచ్చా? పోలీసులు పట్టుకుంటారా? ఎంత లోతు చూస్తుంది? బంగారం దొరుకుతుందా? అడిగేవాళ్లంతా ఈ నాలుగే అడుగుతున్నారు. అందుకే అన్నీ కలిపి ఒకచోట రాస్తున్నాను.

ముందు జవాబులు. మీ సొంత పెరట్లో, లేదా స్థలం వాళ్లు ఒప్పుకున్న చోట, పగటిపూట, అందరికీ కనబడేలా వాడండి. కోటలు, గుళ్లు, దర్గాలు, శ్మశానాలు, పాత మండపాల దరిదాపులకు తీసుకెళ్లకండి. మామూలు మెషీన్ ఒక నాణేన్ని బెత్తెడు లోతులో సులువుగా పడుతుంది, మహా అయితే జానెడు. అంతకంటే ఎక్కువ చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. ఇక బంగారమంటారా, ఎవరో పోగొట్టుకున్న కమ్మో ఉంగరమో దొరకొచ్చు. అది వాళ్లది.

మన సీమలో ఈ హాబీకి ఒక పెద్ద చిక్కు ఉంది. పాడుబడ్డ గుడిలో నందిని పగలగొట్టారని, గర్భగుడి తవ్వారని, గుప్తనిధుల ముఠా దొరికిందని పేపర్లో తరచూ చదువుతుంటాం. ఆ ముఠాల దగ్గర దొరికే సామానులో గడ్డపారతో పాటు డిటెక్టర్ కూడా ఉంటుంది. 2017 డిసెంబర్లో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి కోసం తవ్వకాలు మొదలైనప్పుడు జిల్లా అంతా అదే మాట. అలాంటి చోట మీరు చేతిలో ఈ మెషీన్ పట్టుకుని వీధిలోకి వస్తే, ఎదురింటాయన మొదటి ప్రశ్న 'ఏమప్పా, ఏం ఎతుకుతాండావ్?' అనే. దానికి సూటిగా, నిజంగా జవాబు చెప్పగలిగేలా ఉండాలి మీ పని. కింది అడుగుల్లో సగం అందుకోసమే.

కావలసినవి

భూమి మీద వెతికే డిటెక్టర్ ఒకటి. బస్టాండులో, సినిమా హాల్లో సెక్యూరిటీ వాళ్లు ఒంటి మీద తిప్పే కర్ర దీనికి పనికిరాదు. కొనేముందు మూడు చూడండి: వస్తువును బట్టి అంకె చూపించే తెర, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఇనుముకు మెషీన్ కూయకుండా చేసే సర్దుబాటు) మార్చుకునే వీలు, హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటు. మన ఎర్రనేలల్లో ఇనుము పాలు ఎక్కువ కాబట్టి గ్రౌండ్ బ్యాలెన్స్ లేని చవక మెషీన్ ఊరికే కూస్తూనే ఉంటుంది. గారెట్, మైన్‌ల్యాబ్, నోక్టా లాంటి కంపెనీల్లో మొదటి మెట్టు మోడల్ చాలు. బిల్లు భద్రంగా ఉంచండి, దాని ఫొటో ఫోన్లో పెట్టుకోండి.

పిన్‌పాయింటర్: చేతిలో పట్టే చిన్న కడ్డీ. గుంటలో వస్తువు ఏ మూల ఉందో చెబుతుంది. దీన్ని చాలామంది 'తర్వాత చూద్దాం' అని వదిలేస్తారు. అది లేకపోతే రెండంగుళాల గుంటతో పోయేది మూరెడు గుంట అవుతుంది.

తవ్వడానికి చిన్న తాపీ గానీ మొక్కల దగ్గర వాడే బొరిగె గానీ చాలు. పార, గడ్డపార ఇంట్లోనే ఉంచండి. అవి చేతిలో ఉంటే ఎవరికీ ఏమీ వివరించలేరు, పైగా ఈ పనికి వాటి అవసరం లేదు.

ఇవి కాక: మట్టి పోసుకోవడానికి పాత గోనెసంచి, మందపాటి చేతి తొడుగులు, బూట్లు, రెండు సంచులు (ఒకటి చెత్తకు, ఒకటి దొరికినవాటికి), చిన్న అయస్కాంతం, నోటుబుక్కు, నీళ్లు, టోపీ. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నాళ్లయిందో గుర్తు లేకపోతే ముందు డాక్టరును అడగండి. తుప్పు మేకులు, గాజు పెంకులు, రాయి కింద తేలు, ఇవన్నీ ఈ పనిలో మామూలే.

కొనకూడనివి కూడా చెప్పాలి. 'కిలోమీటరు దూరం నుంచే బంగారం చూపిస్తుంది' అని అమ్మే యాంటెన్నా కడ్డీలు, ఏ లోహం కావాలో నొక్కితే అటు తిరిగే సూదులు, ఇవన్నీ మోసం. రైస్ పుల్లింగ్ (బియ్యం గింజల్ని లాగే మహిమ గల పాత్ర) పేరుతో డబ్బు గుంజే రకంలో ఇదీ ఒకటి. వజ్రాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, పత్తికొండ వైపు, అటు వజ్రకరూరు వైపు పొలాల్లో వెతకడానికి వెళ్లేవాళ్లు డిటెక్టర్ పనికొస్తుందా అని అడుగుతుంటారు. పనికిరాదు. వజ్రం లోహం కాదు.

1. చోటు ఎంచుకోండి

మొదటి నెల మీ పెరడు దాటొద్దు. ఆ తర్వాత బంధువుల ఖాళీ ప్లాట్లు, స్నేహితుల ఇళ్ల ముందు జాగా, పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టబోతున్న స్థలం. చివరిది అన్నిటికంటే మంచిది, మేస్త్రీలు రాకముందు ఓనరును అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు.

ఏ పేటలో ఏముంటుందో ఊరి చరిత్రే చెబుతుంది. 1953 అక్టోబర్ 1 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. ఏ, బి, సి క్యాంపులు అనే పేటలు ఆనాటివే. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంటే ఆ క్యాంపుల్లో తొలి కాపురాల నాటి చిల్లర అణాలు, కాణీలే. పాతబస్తీ పల్లపు వీధుల్లో మరో సంగతి. 2009 అక్టోబర్ వరద అక్కడ బురద మేట వేసి పోయింది. అంతకుముందు పడినవి ఆ మేట కింద ఉంటాయి, పైన దొరికేవి ఎక్కడి నుంచో కొట్టుకొచ్చినవి కూడా కావచ్చు. అందుకే దొరికిన చోటును బట్టి 'ఇది ఈ ఇంటివాళ్లదే' అని అక్కడ గట్టిగా అనలేం.

వెళ్లకూడని చోట్లు: కొండారెడ్డి బురుజు, గోల్ గుమ్మజ్ అని పిలిచే అబ్దుల్ వహాబ్ సమాధి లాంటి రక్షిత కట్టడాలు, వాటి చుట్టుపక్కల. రక్షిత స్థలంలో అనుమతి లేని తవ్వకం నేరం. ఎర్రగుడి, జొన్నగిరి దగ్గరి అశోకుని శాసనాల వైపు కూడా వద్దు. ప్రార్థనా స్థలాలు, శ్మశానాలు, రోడ్డు పక్కలు, రైల్వే స్థలం, కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్లు కూడా వదిలేయండి. పుష్కరాల ఘాట్లలో చిల్లర చాలా ఉంటుంది, కానీ అది జనం నదికి మొక్కుగా వేసింది. నేనైతే ముట్టుకోను, మిమ్మల్నీ ముట్టుకోవద్దనే అంటాను. తుంగభద్ర ఇసుకలో గుంట తీస్తే ఇసుక తవ్వుతున్నారన్న అనుమానం అదనం.

2. అనుమతి తీసుకోండి, కాగితం మీద

నోటిమాట చాలదు. ఓనరు ఒప్పుకున్నా ఆ వీధివాళ్లకు ఆ సంగతి తెలియదు కదా. ఇలా రాసి సంతకం తీసుకోండి:

'మీ ఫలానా స్థలంలో ఫలానా తేదీన ఉదయం 6 నుంచి 9 దాకా మెటల్ డిటెక్టర్‌తో వెతకడానికి అనుమతి ఇవ్వగలరు. జానెడు లోతు మించి తవ్వను. తీసిన మట్టి అక్కడే పూడుస్తాను. ఎవరైనా పోగొట్టుకున్న వస్తువు దొరికితే మీకు చూపిస్తాను. పాత నాణేల కుప్ప, విగ్రహం, పాత్ర వంటివి కనబడితే అక్కడికక్కడ ఆపి మీకూ తహశీల్దారుకూ తెలియజేస్తాను.'

స్కూలు మైదానం అయితే హెడ్‌మాస్టరు దగ్గర, కార్పొరేషన్ పార్కు అయితే నగరపాలక సంస్థలో రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే అది అనుమతి కాదు. పక్కింటి వాళ్లకు మాత్రం ముందురోజే మాట చెప్పండి: 'అక్కా, రేపు పొద్దున ఈ ప్లాట్లో మెషీన్‌తో వెతుకుతాను, పాత చిల్లర, సీలలు, అంతే. పిల్లల్ని పంపండి, చూస్తారు.' పిల్లలు వచ్చి పక్కన కూర్చుంటే ఆ వీధిలో ఇక ఎవరికీ అనుమానం ఉండదు.

చీకటి పడ్డాక ఎప్పుడూ వద్దు. అమావాస్య రోజు అసలే వద్దు. మీకు నమ్మకాలు లేకపోవచ్చు, చూసేవాళ్లకు క్షుద్రపూజల వార్తలు గుర్తుకొస్తాయి.

3. ఇంట్లో కూర్చుని మెషీన్ భాష నేర్చుకోండి

ఈ అడుగు మీద ఒక వారం పెట్టండి. చెక్క మంచం మీదో ప్లాస్టిక్ టేబుల్ మీదో (ఇనుప మంచం పనికిరాదు) ఒక్కో వస్తువు పెట్టి, చేతి ఉంగరం, గాజులు, వాచీ తీసేసి, పైన కాయిల్ (మెషీన్ కింద ఉండే గుండ్రటి పళ్లెం) తిప్పండి. తెర మీద వచ్చిన అంకె, చెవిలో వచ్చిన శబ్దం రాసుకోండి. మేకు, బైండింగ్ వైరు ముక్క, సోడా మూత, మందుబిళ్లల స్ట్రిప్పు రేకు, ఇత్తడి కుళాయి ముక్క, వెండి మెట్టె, పట్టీ, బంగారు ఉంగరం, రకరకాల నాణేలు.

నాణేల దగ్గర బయటి దేశాల వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లంతా తికమకపడతారు. మన ఒక రూపాయి 1992 నుంచి ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీల్‌తో వస్తోంది. అయస్కాంతానికి అతుక్కుంటుంది. వంతెనల మీద నుంచి పిల్లలు దారానికి అయస్కాంతం కట్టి చిల్లర లాగేది అందుకే. డిటెక్టర్ కూడా దాన్ని కొన్నిసార్లు ఇనుము అంటుంది, కొన్నిసార్లు అంకె కుదురుగా నిలవదు. 'ఇనుము వద్దు' అని మెషీన్‌కు చెప్పారంటే రూపాయి బిళ్లలు కూడా వదిలేసుకున్నట్టే. పదకొండు మూలల పాత రెండు రూపాయలు, 1992 తర్వాత వచ్చిన లావుపాటి ఐదు రూపాయలు కుప్రోనికెల్ (రాగి, నికెల్ మిశ్రమం). అవి అయస్కాంతానికి అంటవు, అంకె నిలకడగా వస్తుంది. చదరపు ఐదు పైసలు, పువ్వు అంచు పది పైసలు, ఆరు పలకల ఇరవై పైసలు అల్యూమినియం. ఇరవై ఐదు పైసలూ అంతకంటే చిన్నవీ 2011 జూన్ 30తో చెలామణి పోగొట్టుకున్నాయి, ఇళ్లల్లో డబ్బాల్లో ఇంకా ఉంటాయి, అడిగి తెచ్చుకోండి.

చిల్లు కాణీ దొరికితే దాన్ని కూడా పరీక్షించండి. మధ్యలో రంధ్రం ఉన్న ఆ కాణీ 1943 నుంచి 1947 దాకా వేశారు, రంధ్రం పైన కిరీటం బొమ్మ ఉంటుంది. కంచు కాబట్టి శబ్దం స్పష్టంగా వస్తుంది.

ఒక హెచ్చరిక. సన్నటి బంగారానికీ రేకు ముక్కకూ దాదాపు ఒకే అంకెలు వస్తాయి. అంకె చూసి 'ఇది బంగారమే' అని చెప్పే మెషీన్ లేదు. ఏ మెషీన్‌లో ఏ అంకె అన్నది కూడా మారుతుంది, అందుకే ఇంకొకరి పట్టిక కాకుండా మీ పట్టిక మీరే రాసుకోవాలి.

4. పెరట్లో పరీక్ష మడి వేయండి

ముందు ఖాళీ మట్టిని ఒకసారి వెతికి, ఉన్న చెత్త తీసేయండి. తర్వాత 5, 10, 15 సెంటీమీటర్ల లోతుల్లో తెలిసిన నాణేలు పాతి, పక్కన ఐస్‌క్రీం పుల్ల గుచ్చి దాని మీద ఏముందో రాయండి. ఒక్కోదానికి మధ్య కనీసం రెండు అడుగుల దూరం. కాంపౌండ్ గోడకు దూరంగా, లోపల ఇనుప కడ్డీలు ఉంటాయి. ఇంటి ఎర్తింగ్ గుంట, బోరు మోటారు వైరు ఎటు పోతున్నాయో ముందే తెలుసుకోండి.

15 సెంటీమీటర్ల దగ్గర శబ్దం రాకపోతే మెషీన్ పాడైందనుకోకండి. ఎర్రనేలలో అది మామూలే. వర్షం పడ్డ మర్నాడు మళ్లీ చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

5. సెట్టింగులు

ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేదా కాయిల్‌కు దూరంగా జేబులో ఉంచండి. చెత్త లేని చోట నిలబడి గ్రౌండ్ బ్యాలెన్స్ చేయండి. ఎర్రమట్టి నుంచి రేగడికి మారితే మళ్లీ చేయండి. సెన్సిటివిటీ (ఎంత చిన్న సంకేతానికి కూయాలో చెప్పే సెట్టింగు) పూర్తిగా పెంచడం అందరూ చేసే పొరపాటు. కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్, ఇన్వర్టర్ ఉన్న వీధిలో అలా పెంచితే మెషీన్ దానంతటదే అరుస్తుంది. కాయిల్ కదలకుండా పట్టుకున్నా శబ్దం వస్తోందంటే అది భూమిలోది కాదు, గాల్లోది. శబ్దం ఆగేదాకా తగ్గించండి. డిస్క్రిమినేషన్ (ఏ లోహాలకు కూయొద్దో చెప్పే సెట్టింగు) మొదట్లో సున్నా దగ్గరే ఉంచి అన్ని శబ్దాలూ వినండి.

6. కాయిల్ తిప్పే తీరు

గచ్చు మీద తడిగుడ్డ పెట్టినట్టు తిప్పండి: నేలకు సమాంతరంగా, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, అంచుల దగ్గర పైకి లేవకుండా. ప్రతి ఊపు ముందు ఊపును సగం కప్పాలి. ఎడమ నుంచి కుడికి రెండు మూడు సెకన్లు పట్టాలి. స్థలాన్ని ముగ్గుపిండితో గానీ తాడుతో గానీ బారులుగా విడగొట్టండి, లేకపోతే వెతికిన చోటే మళ్లీ వెతుకుతారు, వెతకని చోటు మిగిలిపోతుంది.

శబ్దం వచ్చాక వెంటనే తవ్వొద్దు. అటూ ఇటూ రెండు వైపులా ఒకేలా వస్తోందా చూడండి. తర్వాత మీరు పక్కకు తిరిగి నిలబడి అడ్డంగా తిప్పండి. నాలుగు వైపుల నుంచీ అదే శబ్దం, అదే అంకె వస్తే తవ్వదగింది. ఒక వైపు నుంచే వచ్చి ఇంకో వైపు మాయమైతే చాలావరకు మేకు. శబ్దం గీత గీసినట్టు ముందుకు పోతూనే ఉంటే అది పైపో కేబులో, అక్కడ తాపీ పెట్టకండి.

7. తవ్వడం, పూడ్చడం

కాయిల్‌ను నిలువుగా, అడ్డంగా తిప్పిన రెండు గీతలు కలిసే చోట గుర్తు పెట్టండి. గోనెసంచి పక్కన పరవండి. పచ్చిక ఉంటే మూడు వైపులా కోసి మూతలాగా తెరవండి, నాలుగో వైపు వేళ్లు అంటుకునే ఉండాలి. గుర్తు నడిమధ్య పొడవకండి, కొంచెం పక్కనుంచి దిగండి. పాత రాగి నాణెం మీద తాపీ గీత పడితే అది ఇక పోదు. మట్టి సంచి మీదే పోయండి. రెండు అంగుళాలకోసారి పిన్‌పాయింటర్ పెట్టి చూడండి.

వేసవిలో మన నేల రాయి. ఏప్రిల్, మే నెలల్లో తవ్వడం పెట్టుకోకండి, వెతికి గుర్తులు రాసుకోండి చాలు. తప్పదనుకుంటే ముందురోజు సాయంత్రం నీళ్లు పోయించండి. రేగడి అయితే వేసవిలో నోళ్లు తెరుస్తుంది, ఆ పగుళ్లలోకి నాణేలు జారిపోతాయి. పైన శబ్దం బలహీనంగా వచ్చి పగులు అంచున ఆగితే అది గుర్తుంచుకుని, వానలు పడి నేల కూడుకున్నాక మళ్లీ రండి. జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా మంచి కాలం.

వస్తువు బయటికొచ్చాక గుంటను మరోసారి డిటెక్టర్‌తో చూడండి. ఒకదాని కింద ఇంకొకటి ఉండటం చాలా మామూలు. ఎద్దుల నాడా పైకొచ్చిందని లేచిపోతే దాని పక్కనున్న కాణీ అక్కడే ఉండిపోతుంది. తర్వాత మట్టి పొరలు పొరలుగా వేసి, కాలితో అదిమి, పచ్చిక మూసి, గుక్కెడు నీళ్లు పోయండి. పని సరిగ్గా చేశారో లేదో తెలుసుకోవాలంటే పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. గుంట ఎక్కడో మీకే వెతుక్కోవాల్సి వస్తే సరిగ్గా పూడ్చినట్టు. చెత్త అక్కడే పారేయకండి, ఇంటికి తెచ్చుకోండి.

ఇంకో విషయం, ఇది ప్రాణం సంగతి. మన జిల్లాల్లో పాతిపెట్టిన నాటుబాంబులు ఇప్పటికీ అప్పుడప్పుడూ బయటపడుతుంటాయి. పురికొస గట్టిగా చుట్టిన ఉండ, మూత బిగించిన బక్కెట్టు, డబ్బా లాంటిది కనబడితే ముట్టుకోకండి, తెరవకండి, నీళ్లు పోయకండి. అందరినీ దూరం పంపి 112కు ఫోన్ చేయండి.

8. దొరికినదాన్ని ఏం చేయాలి

పోగొట్టుకున్న వస్తువైతే ఓనరును వెతకడం మీ బాధ్యత. దొరికింది కదా అని దురుద్దేశంతో ఉంచేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కిందికి వస్తుంది. స్థలం ఓనరుకు చూపించండి, వీధిలో అడగండి, ఎవరూ రాకపోతే స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోండి. అడిగేటప్పుడు వస్తువు పూర్తిగా వర్ణించకండి. 'ఒక నగ దొరికింది' అనండి, రాయి రంగు, బరువు వాళ్లే చెప్పాలి.

భూమిలో దాచినట్టు కనబడేదైతే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం పది రూపాయలు మించిన విలువ ఉన్న నిధి దొరికితే ఏం దొరికింది, ఎంత విలువ, ఎక్కడ, ఏ తేదీన అని కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి, ట్రెజరీలో జమ చేయాలి. చెప్పకపోతే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దాచడానికి సాయపడ్డ స్థలం ఓనరుకు కూడా ఆరు నెలల దాకా శిక్ష ఉంది. ఇది ఓనరుకు ముందే చెబితే 'ఎవరికీ చెప్పకుండా పంచుకుందాం' అనే మాట రాదు. హక్కుదారు ఎవరూ లేరని తేలితే చట్టం ప్రకారం దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, స్థలం ఓనరుకు ఒక వంతు వచ్చే వీలుంది. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి ఇస్తుంది. నిజాయితీగా చెప్పినవాడు నష్టపోయేలా లేదు ఆ చట్టం.

కుండ, విగ్రహం, నాణేల గుట్ట కనబడితే బయటికి తీయకండి. ఉన్నచోటే ఫొటో తీసి, మట్టి కప్పి, తహశీల్దారుకు చెప్పండి. వందేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తుంది, లైసెన్సు లేకుండా దాని వ్యాపారం చేయకూడదు. ఏ పొరలో, ఏ వస్తువు పక్కన ఉందో తెలిస్తేనే పురావస్తు శాఖవాళ్లు దాని కాలం చెప్పగలరు. పీకేసి తెచ్చిన నాణెం సగం చరిత్ర పోగొట్టుకున్నదే.

విడిగా దొరికిన చిల్లరను కడగడంలో కూడా మన ఇళ్లల్లో ఒక ప్రమాదం ఉంది: చింతపండు. ఇత్తడి బిందెలకు బాగానే ఉంటుంది గానీ, పాత రాగి, కంచు నాణేలకు అది, నిమ్మకాయ, బూడిద ఏవీ వద్దు. పైనున్న పచ్చటి, గోధుమరంగు పొర పోతే అక్షరాలు కూడా పోతాయి. మంచినీళ్లలో నానబెట్టి, వేలితో మెల్లగా మట్టి వదిలించి, నీడలో ఆరబెట్టండి.

9. ఇరుగుపొరుగు పోగొట్టుకున్నవి వెతికి పెట్టండి

కాలనీలో ఈ హాబీకి ఇంతకంటే మంచి దారి లేదు. ముగ్గు వేస్తున్నప్పుడు జారిన మెట్టె, బట్టలు ఆరేస్తుంటే పడిపోయిన కమ్మ, పిల్లాడు విసిరేసిన తాళంచెవి. మీరు నేర్చుకున్నదంతా ఇక్కడ పనికొస్తుంది, ఇక ఎవరూ మిమ్మల్ని నిధులవాడు అనరు.

కమ్మ పోతే రెండోది అడగండి. ఇది ముఖ్యం. అదే స్థలంలో, అదే మట్టి మీద, ఒక పలుచటి ప్లాస్టిక్ కవరులో ఆ రెండో కమ్మను పెట్టి దారం కట్టి ఉంచండి. పైన కాయిల్ తిప్పి అంకె, శబ్దం రెండూ చెవికి ఎక్కించుకోండి. ఆ తర్వాత దాన్ని ఇచ్చేసి, ఇచ్చేసినట్టు వాళ్ల ముందే చూపించి, అప్పుడు వెతకడం మొదలుపెట్టండి. ఈసారి ఆ అంకె దరిదాపుల్లో వచ్చినవే తవ్వినా చాలు.

ఆఖరుసారి ఎప్పుడు చెవికి ఉంది, ఆ తర్వాత ఎక్కడెక్కడ తిరిగారు, చెత్త ఎవరు ఊడ్చారు, ఎక్కడ పోశారు అని అడగండి. చీపురు దెబ్బకు వస్తువు అడుగుల దూరం పోతుంది. సన్నటి గొలుసును మెషీన్ సులువుగా పట్టదు, లంకెలు విడివిడిగా ఉండటం వల్ల శబ్దం నీరసంగా వస్తుంది. ముక్కుపుడక అయితే డిటెక్టర్ మీద ఆధారపడకండి. పైమట్టి ఊడ్చి గోధుమపిండి జల్లెడలో జల్లించడం మేలు. దొరకలేదంటే దొరకలేదని చెప్పేయండి. ఎంత ప్రాంతం వెతికారో గీసి ఇస్తే, వాళ్లు మిగతా చోట చూసుకుంటారు. డబ్బు తీసుకోకండి. ఒకసారి తీసుకున్నారంటే తర్వాత ఏది దొరకకపోయినా అనుమానం మీ మీదికే వస్తుంది.

మీరు నేర్చుకున్నారో లేదో ఎలా చూసుకోవాలి

ఇంట్లోవాళ్లతో మూడు మీటర్ల చదరంలో పది నాణేలు పాతించండి, మీరు చూడకుండా. లోతు బెత్తెడు మించొద్దు. ఎనిమిది, అంతకు మించి దొరికితే బయటి స్థలాలకు వెళ్లొచ్చు. ఐదారే దొరికితే మెషీన్‌ను అనకండి. మిగిలినవి ఎక్కడున్నాయో చూపించమని, ఆ చోట ఇప్పుడు శబ్దం వస్తోందా చూడండి. వస్తే మీ బారులు కలవలేదు, లేదా తొందరపడ్డారు. రాకపోతే సెట్టింగుల్లో తేడా ఉంది, గ్రౌండ్ బ్యాలెన్స్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. దొరికినవన్నీ కుప్రోనికెలే, మిగిలినవన్నీ స్టీలు రూపాయలే అయితే డిస్క్రిమినేషన్ ఎక్కడో ఎక్కువ పెట్టి మరచిపోయారు.

నోటుబుక్కులో తవ్వే ముందే 'ఇది ఫలానా అయ్యుంటుంది' అని రాసి, తవ్వాక ఏం వచ్చిందో పక్కన రాయండి. మొదట్లో సగానికి పైగా తప్పుతాయి. రెండు మూడు నెలల్లో మేకుకూ నాణేనికీ తేడా తెర చూడకుండా చెవితోనే తెలుస్తుంది. పెద్ద అంకెలే తవ్వుతూ చిన్నవి వదిలేసేవాళ్లకు ఈ చెవి ఎప్పటికీ రాదు, ఎందుకంటే వాళ్లు వదిలేసిందేమిటో వాళ్లకు తెలియదు.

దొరికినవాటి ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో స్థలం పేరుతో పెట్టకండి. ఆ రాత్రికే అక్కడికి గడ్డపారలు వస్తాయి, మర్నాడు ఓనరు మిమ్మల్నే అడుగుతాడు. మెషీన్ వాడని రోజుల్లో బ్యాటరీలు తీసి పెట్టండి, కాయిల్‌కు అంటిన మట్టిని తడిగుడ్డతో తుడవండి, వైరును గట్టిగా మెలిపెట్టి చుట్టకండి.